ఇరవై రూపాయల జరిమానా, ఒక లాటిన్ మాట

హర్యానాలో ఒక చిరుద్యోగి. బహిరంగ స్థలంలో అసభ్యంగా ప్రవర్తించాడని అప్పటి ఐపీసీ 294 సెక్షన్ కింద అతని మీద కేసు పెట్టారు. కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతార్లే అనుకున్నాడో ఏమో, తప్పు ఒప్పేసుకున్నాడు. 20 రూపాయలు జరిమానా వేశారు. కట్టేసి ఇంటికి పోయాడు. దాంతో కథ అయిపోయిందనుకున్నాడు. కానీ ఆ 20 రూపాయల వెనకాలే ఉద్యోగం కూడా పోయింది. 'మోరల్ టర్పిట్యూడ్‌తో కూడిన నేరం'లో శిక్ష పడిన మనిషిని కొలువులో ఉంచుకోలేమన్నారు పైవాళ్ళు. కింది కోర్టుల్లో ఓడిపోయి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1996లో గెలిచాడు.

ఇంతకీ అతని కొలువు తీసిన ఆ మాట ఏమిటి?

నిఘంటువు తెరిస్తే టర్పిట్యూడ్‌కి నీచత్వం, అధమత్వం, భ్రష్టత్వం అని కనిపిస్తాయి. తప్పేం లేదు, కానీ ఆ అర్థాలతో పని జరగదు. ఎందుకంటే బ్యాంకు ఉద్యోగం, పాస్‌పోర్టు, వకీలు పట్టా, గ్రాట్యుటీ, అమెరికా వీసా ఇవన్నీ ఏదో ఒక సందర్భంలో ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి. 'నీచమైన పని' అంటే ఏది, ఎవరి లెక్కలో, ఎంత నీచమైతే లెక్కలోకి వస్తుంది అన్న ప్రశ్నలకు నిఘంటువు దగ్గర జవాబు లేదు. ఆ మాట కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

లాటిన్‌లో 'టర్పిస్' అంటే మొదటి అర్థం చూడ్డానికి బాగోనిది, వికారమైనది. ముందు ముఖానికి వాడారు, తర్వాత ప్రవర్తనకు పాకింది. మన భాషలోనూ అచ్చంగా ఇదే జరిగింది. 'వికారం' రూపానికీ వాడతాం, కడుపులో తిప్పడానికీ వాడతాం, వికృత చేష్ట అని పనికీ వాడతాం. 'అసహ్యం' అంటే సహించలేనిది అని మాత్రమే. 'ఆ పని చూసి రోత పుట్టింది' అన్నప్పుడు మనం న్యాయశాస్త్రం మాట్లాడటం లేదు, కడుపు మాట మాట్లాడుతున్నాం. రోమన్ తత్వవేత్త సిసెరో నీతి గురించి రాసేటప్పుడు గౌరవప్రదమైనదాన్ని ఒక వైపు, 'టర్పే' అయినదాన్ని మరో వైపు పెట్టాడు. ఆయన దృష్టిలో టర్పే అయిన పని లాభం తెచ్చినా లాభం కాదు. దీంట్లో శిక్షల సెక్షన్లు లేవు. చూసేవాడి కన్ను మాత్రం ఉంది. ఆ కన్ను సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఫ్రెంచి మీదుగా ఈ మాట 15వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో దిగింది. మొదట్లో ఒంటరిగానే బతికింది. షేక్‌స్పియర్ ఆంటొనీ, క్లియోపాత్రాల నాటకంలో ఎనోబార్బస్ అనే సేనాని తన దొర ఆంటొనీని వదిలి శత్రువు పక్షంలో చేరతాడు. ఆంటొనీ కోప్పడకుండా అతని ధనమంతా మూటగట్టి వెనకాలే పంపిస్తాడు. అప్పుడా సేనాని కుమిలిపోతూ, నా టర్పిట్యూడ్‌కే ఇంత బంగారం తొడిగావు, మంచిగా కొలిచి ఉంటే ఇంకేమిచ్చేవాడివో అంటాడు. అక్కడ ఆ మాట ముందు 'మోరల్' లేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాడు తనను తాను చూసుకుని ఏవగించుకోవడం, అంతే.

ఇవాళ ఇంగ్లీషులో టర్పిట్యూడ్ ఒంటరిగా దాదాపు కనబడదు. ముందు 'మోరల్' ఉండాల్సిందే. ఈ జంట మీద అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ 1951లో ఒక చురక వేశాడు. దిక్కు తోచని జడ్జికి ఆఖరి దిక్కు నిఘంటువే కదా అని తెరిచి చూస్తే, టర్పిట్యూడ్ అంటేనే నైతిక దుష్టత్వమట, అలాంటప్పుడు మోరల్ టర్పిట్యూడ్ అంటే 'నైతికంగా అనైతికం' అనడం తప్ప పెద్దగా ఏమీ లేదని. నల్లటి నలుపు అన్నట్టన్నమాట.

వాడుక సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం. ఇది లెక్కపెట్టే నామవాచకం కాదు. రెండు టర్పిట్యూడ్‌లు, మూడు టర్పిట్యూడ్‌లు అని ఇవాళ ఎవరూ అనరు. 'మోరల్ టర్పిట్యూడ్‌తో కూడిన నేరం' అనో 'చర్య' అనో అంటారు. అమెరికాలో 'టర్పిటూడ్' అని పలుకుతారు. టర్పెంటైన్ నూనెతో చుట్టరికం ఏమీ లేదు. ఇంట్లో పిల్లాడు డబ్బాలో జీడిపప్పు దొంగిలిస్తే వాడకూడని మాట ఇది, నవ్వులాటకి తప్ప. దీనికి కోర్టు గుమ్మం వాసన పట్టేసింది.

కోర్టు గుమ్మం ఎలా ఎక్కిందన్నదే అసలు కథ.

చట్టానికి ఒక జల్లెడ కావాల్సి వచ్చింది. నేరాలన్నీ నేరాలే, కానీ అన్నీ మనిషి మీద ఒకే రకం మచ్చ వెయ్యవు. హెల్మెట్ లేకుండా బండి నడిపిన మేనమామ గురించి పెళ్ళిచూపుల్లో నవ్వుతూ చెప్పుకుంటారు. చిట్టీ డబ్బులు ఎగ్గొట్టిన మేనమామ ఉన్నాడన్న సంగతి గొంతు తగ్గించి చెప్పుకుంటారు, లేదా అసలు చెప్పరు. మొదటిది చట్టం వద్దంది కాబట్టి తప్పు. రెండోది చట్టం లేకపోయినా తప్పే. న్యాయశాస్త్రంలో ఈ తేడాకు పాత లాటిన్ పేర్లున్నాయి, వాటి జోలికి పోనవసరం లేదు. గొంతు తగ్గడమే గుర్తు.

1809లో న్యూయార్కులో ఒక పరువునష్టం కేసు వచ్చింది. ఒకరి మీద నోటిమాటగా వేసిన నింద ఎప్పుడు దానికదే దావాకు తగుతుంది, నష్టం జరిగిందని విడిగా రుజువు చెయ్యక్కర్లేదు అన్నది ప్రశ్న. ఆ నింద నిజమైతే మోరల్ టర్పిట్యూడ్ ఉన్న నేరమో, పరువు తీసే శిక్ష పడే నేరమో అవుతుందా అన్నదే కొలబద్ద అన్నారు జడ్జీలు. విచిత్రం ఏమిటంటే ఆ కేసులో ఒక స్త్రీని వేశ్య అన్నారు. పెట్టిన కొలబద్దకు ఆ నింద అందలేదని ఆమె దావా కొట్టేశారు. ఈ మాట కోర్టు కొలబద్దగా మారిన చోటే ఎవరి పరువు తక్కెట్లోకి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నది తేలిపోయింది.

1891లో అమెరికా వలస చట్టం మోరల్ టర్పిట్యూడ్ ఉన్న నేరాల్లో శిక్ష పడినవాళ్ళు దేశంలోకి రాకూడదంది. నిర్వచనం మాత్రం రాయలేదు. ఇవాళ్టికీ రాయలేదు.

రాయకపోతే ఏమవుతుందో 1926లో తెలిసింది. బ్రిటన్ నుంచి కౌంటెస్ కాథ్‌కార్ట్ అనే కులీన స్త్రీ ఓడ మీద న్యూయార్కు చేరింది. అంతకు ముందు ఆమె ఎర్ల్ ఆఫ్ క్రేవెన్ అనే ప్రభువుతో దక్షిణాఫ్రికా వెళ్ళిపోయింది, భర్త విడాకులు ఇచ్చాడు. ఆ సంగతి ఆమే ఒప్పుకుంది కాబట్టి ఇది మోరల్ టర్పిట్యూడ్ అని, వలస వచ్చేవాళ్ళను తనిఖీ చేసే ఎల్లిస్ దీవిలో ఆపేశారు. ఆ ప్రభువుగారు మాత్రం అప్పటికే హాయిగా అమెరికాలో ఉన్నాడు! పత్రికలు గోల చేశాయి. చివరికి ఫెడరల్ జడ్జి తేల్చింది ఏమిటంటే, ఆ సంబంధం జరిగిన చోట వ్యభిచారం నేరమే కాదు, నేరం లేని చోట 'టర్పిట్యూడ్ ఉన్న నేరం' ఎక్కడి నుంచి వస్తుంది అని. ఆమె లోపలికి వెళ్ళింది. మన దేశంలోనూ 2018 దాకా ఐపీసీ 497 కింద వ్యభిచారం నేరమే. సుప్రీంకోర్టు కొట్టేశాక కాదు. పని అదే, మనుషులూ వాళ్ళే, అది పడే గడి మాత్రం రాత్రికి రాత్రి మారింది.

1951 నాటి అమెరికా కేసు ఇంకో రకం. డీజార్జ్ అనే ఇటలీ దేశస్థుడు మద్యం మీద కట్టాల్సిన పన్ను ఎగవేసేందుకు కుట్ర పన్నాడని రెండుసార్లు శిక్ష పడింది. దేశం నుంచి పంపేస్తామన్నారు. ప్రభుత్వాన్ని మోసగించడం టర్పిట్యూడే, మోసం ఎక్కడుంటే ఈ మాట అక్కడ తప్పకుండా ఉంటుంది, కాబట్టి అస్పష్టత ఏమీ లేదన్నారు మెజారిటీ జడ్జీలు. పైన చెప్పిన జాక్సన్, మరో ఇద్దరు ఒప్పుకోలేదు. సారా పన్నును లెక్కచెయ్యకపోవడం వల్ల ఏ పౌరుడూ మన పెద్దమనుషుల సమాజంలో వెలి అయినట్టు నేనెప్పుడూ చూడలేదే అన్నాడు జాక్సన్. ఆ మాటలో వెటకారం ఉంది, దాని వెనక గట్టి ప్రశ్న ఉంది. జడ్జి ఎవరి కడుపుతో అసహ్యించుకోవాలి? తన కడుపుతోనా, ఊరి కడుపుతోనా?

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం. చదువుకని, ఉద్యోగాలకని తెలుగువాళ్ళు అమెరికాలో అంతమంది ఉన్నారు కాబట్టి ఇది ఇళ్ళల్లో తెలియాల్సిన విషయం. అక్కడి వలస కోర్టులు ఏళ్ళ తరబడి తీర్పులిస్తూ రెండు అంశాల కొలతకు వచ్చాయి. ఒకటి, పని గర్హించదగినదై ఉండాలి. రెండు, మనసెరిగి చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండాలి. అందుకే మామూలుగా తాగి కారు నడిపిన కేసు ఒక్కటే అయితే అది సాధారణంగా ఈ గడిలో పడదు, ఎందుకంటే అక్కడ దురుద్దేశాన్ని రుజువు చెయ్యక్కర్లేదు. లైసెన్సు రద్దయిందని తెలిసి కూడా తాగి నడిపితే పడవచ్చు. సూపర్ మార్కెట్లో 30 డాలర్ల సామాను స్కాన్ చెయ్యకుండా సంచిలో వేసుకుంటే మాత్రం అది దొంగతనం, నేరుగా పడుతుంది. మొదటిదాంట్లో మనుషులు చచ్చిపోవచ్చు, రెండోదాంట్లో కొట్టువాడికి 30 డాలర్లు పోతాయి. అయినా ఈ జల్లెడలో రెండోదే ఆగుతుంది. మాట కొలిచేది నష్టాన్ని కాదు, కక్కుర్తిని. అలాగని తాగి నడిపితే ఫర్వాలేదని అర్థం చేసుకోకండి, దానికి వీసా రద్దు వేరే దారిలో వచ్చి పడుతుంది.

ఇంకో మెలిక ఉంది, మనవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. 'లాయరు మాట్లాడాడు, తప్పు ఒప్పుకుంటే చిన్న ఫైనుతో పోతుందన్నాడు, కొన్నాళ్ళకు కేసు రికార్డులోంచి తీసేస్తారట' అని ఇంటికి ఫోను వస్తుంది. రాష్ట్ర చట్టం లెక్కలో అది నిజమే కావచ్చు. వలస చట్టం లెక్క వేరు. తప్పు ఒప్పుకుని, దాని మీద ఏదో ఒక శిక్షో ఆంక్షో పడితే, తర్వాత కేసు మాఫీ అయినా వలస అధికారికి అది శిక్ష పడినట్టే. దేశంలోకి రానివ్వాలా వద్దా అన్నప్పుడైతే శిక్షే పడనక్కర్లేదు, ఆ నేరం చేశానని ఒప్పుకున్నా చాలని చట్టం. దేశంలో చేరిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం జరిగి, దానికి ఏడాది గానీ అంతకు మించి గానీ శిక్ష వెయ్యగల వీలుంటే పంపేసే దారి తెరుచుకుంటుంది. పడిన శిక్ష కాదు, పడగల శిక్ష. ఒకేసారి జరిగిన చిన్న నేరానికి ప్రవేశం దగ్గర మినహాయింపు ఉంది గానీ, రెండోసారి జరిగితే అది పనికిరాదు. ఈ పరిణామాలు ముందే చెప్పడం డిఫెన్సు లాయరు బాధ్యత అని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఒప్పుకోకముందే అడగాలి, 'ఫైను ఎంత' అని కాదు, 'ఇది టర్పిట్యూడ్ కిందకి వస్తుందా' అని.

మన దేశంలో ఈ మాట ఒక చట్టంలో లేదు, అన్నిట్లోనూ చెదురుగా ఉంది. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 1949 ప్రకారం ఇలాంటి నేరంలో శిక్ష పడినవాణ్ణి బ్యాంకు ఉద్యోగంలో ఉంచకూడదు. అడ్వకేట్ల చట్టం 1961 ప్రకారం వకీలుగా నమోదు చెయ్యరు, విడుదలై రెండేళ్ళు దాటితే ఆ అడ్డు తొలగుతుంది. పాస్‌పోర్టు చట్టం 1967 ప్రకారం దరఖాస్తుకు ముందు ఐదేళ్ళలో ఇలాంటి నేరానికి రెండేళ్ళకు తక్కువ కాని జైలు పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించాలి. కంపెనీల చట్టం 2013 మరీ తమాషా. డైరెక్టరు కావడానికి అనర్హతలు చెబుతూ 'మోరల్ టర్పిట్యూడ్ ఉన్నదైనా, లేనిదైనా' ఏ నేరంలోనైనా ఆరు నెలలకు తక్కువ కాని శిక్ష పడితే అంటుంది. ఉన్నా లేకపోయినా ఒకటే అయినప్పుడు ఆ మాట అక్కడెందుకుందో రాసినవాళ్ళకే తెలియాలి.

వీటిలో ఒక్కటీ అర్థం చెప్పదు. చెప్పే పని కోర్టుల మీద పడింది. ఇరవై రూపాయల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన వాక్యమే తర్వాత తీర్పుల్లో తిరుగుతూ వచ్చింది. స్వభావసిద్ధంగా అధమమైనది, నీచమైనది, భ్రష్టమైనది, లేదా భ్రష్టత్వాన్ని చూపేలా దానితో సంబంధం ఉన్నది. అలహాబాద్ హైకోర్టు 1960లలోనే ఇంకాస్త పనికొచ్చే మూడు ప్రశ్నలు పెట్టింది. ఆ పని సమాజ మనస్సాక్షిని ఉలిక్కిపడేలా చేసిందా? చేసినవాడి ఉద్దేశం నీచమైనదా? ఆ పని వల్ల జనం అతన్ని చిన్నచూపు చూస్తారా? ఈ కొలతల్లో పడితే లంచం, ఫోర్జరీ, డబ్బు కాజెయ్యడం సులువుగా లోపలికి వస్తాయి. కొట్లాటలు రావాలంటే సందర్భం చూడాలి. 2019లో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. గొడవలో చిన్న గాయాలు చేసినందుకు 324 సెక్షన్ కింద శిక్ష పడినంత మాత్రాన అది టర్పిట్యూడ్ కాదు, ప్రతి దెబ్బలాటనూ ఈ పేరుతో పిలవలేం అంది.

గ్రాట్యుటీ దగ్గర ఈ మాట నేరుగా కడుపు మీద కొడుతుంది. 1972 చట్టం ప్రకారం ఉద్యోగం చేస్తుండగా టర్పిట్యూడ్ ఉన్న నేరానికి పాల్పడి బర్తరఫ్ అయితే గ్రాట్యుటీ మొత్తం గానీ కొంత గానీ ఆపెయ్యవచ్చు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకీ ఇదే ఏర్పాటు దిగింది. నేరం అనాలంటే క్రిమినల్ కోర్టు శిక్ష వెయ్యాలిగా అని 2018లో సుప్రీంకోర్టు అంది. 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు, అక్కర్లేదు, చేసిన పని నేరమయ్యే స్వభావం గలదైతే చాలు, యాజమాన్యమే విచారణ జరిపి నిర్ణయించుకోవచ్చు అంది. ఆ తీర్పులో రెండు రకాల మనుషులున్నారు. ఒకాయన పుట్టిన తేదీ దొంగ పత్రంతో ఉద్యోగంలో చేరాడు, మొత్తం పోయింది. మిగిలినవాళ్ళు మహారాష్ట్ర బస్సు కండక్టర్లు, టికెట్ డబ్బులు కాజేశారు, కానీ మొత్తం చాలా చిన్నది. వాళ్ళకు నాలుగో వంతు మాత్రమే కోశారు. అంటే టర్పిట్యూడ్ ఉందా లేదా అన్నది ఒక మెట్టు, ఉంటే ఎంత అన్నది ఇంకో మెట్టు. చట్టం కొలత చెప్పని ఈ రెండో ప్రశ్న కోర్టు తనంత తాను వేసుకోవడం నాకు బాగా నచ్చింది. యాజమాన్యమే జడ్జి కావడం మాత్రం నచ్చలేదు. ఉద్యోగిని వదిలించుకోవాలనుకున్న చేతికే 'ఇది నీచమా కాదా' తేల్చే అధికారం ఇస్తే ఏం తేలుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి తిరగవేసిన బొమ్మ కూడా ఉంది. 1922 మార్చిలో అహ్మదాబాద్‌లో గాంధీకి రాజద్రోహం కింద ఆరేళ్ళ జైలు పడింది. అదే ఏడాది నవంబరులో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థ తన బారిస్టర్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేసింది. తిరిగి చేర్చింది 1988లో. నేరం పెద్దది, శిక్ష పెద్దది, మచ్చ మాత్రం సున్నా. 'జైలుకెళ్ళొచ్చాడు' అన్న మాట మన తాతల కాలంలో ఇంటికి కిరీటం. ఇవాళ అదే మాట అంటే చుట్టుపక్కలవాళ్ళు తలుపులు వేసుకుంటారు. శిక్ష బరువుకీ టర్పిట్యూడ్‌కీ సంబంధం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ కన్ను సంగతి. కోర్టులు పదేపదే 'అధమం', 'నీచం' అంటున్నాయి. ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంగ్లీషులో 'వైల్' అంటే లాటిన్‌లో చవకది. 'బేస్' అంటే కిందది. 'విలన్' అంటే మొదట్లో పల్లెలో దొరల పొలం దున్నే కూలివాడు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'నీచం' అన్నా కిందదే. తెలుగులో రోతగా ఉన్నదాన్ని 'ఛండాలంగా ఉంది' అని ఇప్పటికీ ఇళ్ళల్లో అలవోకగా అనేస్తారు, అది ఊరి బయట ఉంచేసిన మనుషుల పేరని తట్టకుండానే. ఏ భాషలోనైనా చెడ్డ పనికి పేరు వెతుక్కోవలసి వస్తే పెద్దలు తమ కింద ఉన్నవాళ్ళ పేరు తీసి పెట్టారు. 'సమాజం చిన్నచూపు చూస్తుందా' అన్న ప్రశ్నను కోర్టు అడిగినప్పుడు నాకు కాస్త భయం వేసేది అందుకే. మన సమాజం చిన్నచూపు చూసే పనుల జాబితాలో కులాంతర వివాహం ఉంటుంది, కోట్లు ఎగ్గొట్టిన పారిశ్రామికవేత్త ఇంట్లో పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వెయ్యడం ఉండదు.

తెలుగులో దీన్ని ఏమనాలి? నైతిక పతనం అంటే మనిషి జారిపడ్డట్టుంది, పనిలోని కుళ్ళు తెలియడం లేదు. నైతిక భ్రష్టత్వం దగ్గరగానే ఉంది గానీ పూజారి శాపంలా వినిపిస్తుంది. నీతిబాహ్యత మరీ మెత్తన. నన్నడిగితే మాట్లాడేటప్పుడు 'సిగ్గుమాలిన నేరం' అంటాను. సిగ్గుమాలడంలో ఉద్దేశం ఉంది, తెలిసి చెయ్యడం ఉంది, చూసేవాడి కన్నూ ఉంది. ఇంకా పచ్చిగా చెప్పాలంటే మనకు 'గడ్డి తిన్నాడు' ఉండనే ఉంది. డబ్బు కోసం తినకూడనిది తిన్నాడని, మనిషై పుట్టి చెయ్యకూడనిది చేశాడని ఆ రెండు మాటల్లో వచ్చేస్తుంది. తీర్పులో రాయలేరు గానీ, ఏది గడ్డి, ఏది కాదు అన్నది రచ్చబండ దగ్గర ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఇరవై రూపాయల కేసు తీర్పు చివర్లో సుప్రీంకోర్టు పార్లమెంటుకు ఒక సూచన చేసింది. 2000 రూపాయల వరకు జరిమానాతో పోయే చిన్న కేసుల వల్ల ఉద్యోగాలు పోకుండా చట్టం తీసుకురమ్మంది. 2024 జూలైలో ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 294 ఇప్పుడు 296 అయింది, దాని కింద జరిమానా వెయ్యి రూపాయల దాకా వెయ్యవచ్చు. మోరల్ టర్పిట్యూడ్‌కి నిర్వచనం అందులోనూ లేదు.